వంటింటి గోడ బాకీ

కోర్టులో మేం ఓడిపోయామని నాకు మొదట తెలియలేదు. గెలిచామనే అనుకున్నాను. మేజిస్ట్రేటు దొర నా వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించాడు, దుబాసీ నవ్వాడు, నేనూ నవ్వాను. ఎంత వెర్రిబాగులదాన్నో!

ఓడెక్కి ఈ దీవికి వచ్చి, గిర్మిట్ అనే కూలి ఒప్పందం అయిదేళ్ళూ చెరకు తోటలో వెళ్ళదీసి, కూలీలుండే లైను గదులు వదిలి, నేనూ మా ఆయనా టాబియా ఊళ్ళో కొంత నేల కౌలుకు తీసుకున్నాం. రెండెడ్లు కొన్నాం. ఆ తర్వాతే ఇల్లు. లైను గదిలో పొయ్యి పక్కనే పడక. నేను పోపు వేస్తే పక్క గదిలోవాళ్ళు తుమ్మేవారు. అందుకే ఇల్లెలా ఉన్నా సరే, వంటిల్లు మాత్రం విడిగా ఉండాలని పట్టుబట్టాను. నా పోరు పడలేక మా ఆయన ఒక హిందుస్తానీ మేస్త్రీకి పని ఒప్పగించాడు. రెండు గదులు, రేకు కప్పు, వెనక వంటిల్లు. డబ్బు మూడు విడతలు. ఆఖరి విడత పని మొత్తం అయ్యాక. అంతా నోటిమాటే, కాగితం లేదు.

గదులు బాగానే కట్టాడు, కాదనను. వంటింటికి మూడు వైపులా చెక్కలు కొట్టి, నాలుగో వైపు అలాగే వదిలేసి, లంబాసా పట్నంలో ఎవరిదో కొట్టు కట్టడానికి వెళ్ళిపోయాడు. వానాకాలం మొదలైంది. జల్లు నేరుగా వచ్చి పొయ్యిలో పడేది. తడి కట్టెలు ఊదలేక నా కళ్ళు మంకెన పూలయ్యేవి. గోడ కట్టే దాకా ఆఖరి విడత ఇచ్చేది లేదని మా ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

ఒకరోజు ఆయన చెరకు కోతకు వెళ్ళినప్పుడు మేస్త్రీ వచ్చాడు. వెంట ఇంకో మనిషి. మేస్త్రీ గేటు దగ్గరే నిలబడి అడిగాడు.

“బాకీ హై కి నహీ?”

బాకీ ఉందా లేదా అని. ఇక్కడే ఉంది తంటా అంతా. మా తెలుగు ఇళ్ళలో బాకీ అంటే అప్పు. వాళ్ళ హిందుస్తానీలో మిగిలిపోయింది ఏదైనా బాకీయే: అన్నమైనా, పనైనా, డబ్బయినా. తోటలో కూలీల చేత పని చేయించే సర్దారు రోజూ గట్టు మీద నిలబడి “కిత్నా బాకీ?” అని అరిస్తే, ఇంకా ఎన్ని సాళ్ళు తవ్వాలో చెప్పమని. అయిదేళ్ళు ఆ మాటే విన్నాను. హిందుస్తానీలో మాట్లాడితే నా నోటికి కూడా బాకీ అంటే మిగిలిన పనే. మేస్త్రీకి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది, మిగిలిన పనేమిటో కనుక్కోవడానికి వచ్చాడనుకున్నాను. అయినా ఒళ్ళు మండిపోయి, చేతిలో గరిటెతోనే వంటింటి వైపు చూపించి అరిచాను.

“హై! బహుత్ బాకీ హై!”

అతను వెంట ఉన్నవాడి వైపు చూసి తలూపి వెళ్ళిపోయాడు. వెంట వచ్చినవాడు సాక్షి అని నాకేం తెలుసు? నెల తిరక్కుండా కోర్టు సమను వచ్చింది. ఆఖరి విడత డబ్బు మొత్తం ఇవ్వాలి, లేకపోతే ఎడ్లను జప్తు చేస్తారు. చేతిలో అంత డబ్బు లేదు. ఎడ్లు పోతే దున్నకం లేదు. మా ఆయన మళ్ళీ లైనుకే పోవాలి.

కోర్టులో ముందు మా ఆయన్ని అడిగారు. గోడ సంగతి చెబుతూ చెబుతూ మేస్త్రీ మీదికి గొంతు పెంచాడు. బంట్రోతు ఆయన్ని వరండాలోకి పంపేశాడు. అప్పుడు నన్ను పిలిచారు. దుబాసీ మా వైపు మనిషే, తెలుగువాడు. హమ్మయ్య అనుకున్నాను.

“మేస్త్రీతో ఏమన్నావో ఉన్నదున్నట్టు చెప్పమ్మా. దొరగారు అడుగుతున్నారు” అన్నాడు.

ఉన్నదున్నట్టు అన్నాడు కదా! అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

“బాకీ ఉంది, చాలా బాకీ ఉంది అన్నానండి.”

దుబాసీ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొర రాసుకున్నాడు. “మా వంటింటి గోడ...” అని నేనింకా ఎత్తుకుంటుండగానే దొర చెయ్యెత్తి చాలన్నాడు. అప్పుడే ఆ మెచ్చుకోలూ, ఆ నవ్వులూ.

బయటికి వచ్చాక దుబాసీయే నా దగ్గరికి వచ్చాడు. “నిజం ఒప్పుకున్నావమ్మా. నీలాంటివాళ్ళు తక్కువ. గోడ సంగతి వేరే దావా వేసుకోమన్నారు దొరగారు.”

“నేనేం ఒప్పుకున్నానండీ?”

“అప్పు ఉందని. తీర్పు మేస్త్రీ పక్షానే అయింది.”

తప్పు ఎవరిదో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. మేస్త్రీ డబ్బే అడిగాడేమో. దుబాసీ తెలుగు మాటకు తెలుగు అర్థమే చెప్పాడు. నేనూ అబద్ధమాడలేదు. అందరమూ నిజమే చెప్పాం, మా ఎడ్లు పోయాయి.

దారి పొడుగునా మా ఆయనకు చెప్పుకుంటూనే వచ్చాను.

“మరి గోడ అని ముందే అనొచ్చు గదేటే?” అన్నాడు చివరికి.

నిజమే, అనొచ్చు. ఎందుకనలేదు? “బెదిరిపోయి ఒప్పుకున్నాననుకుంటన్నావా?” అని నిలదీశాను. “నానేటీ అనుకోటం లేదు” అన్నాడు గానీ నా మొహం చూడలేదు. నన్ను నమ్మలేదేమో.

కోర్టు బెయిలీఫు ఎడ్లను తోలుకుపోయిన వారానికి మా ఆయన చెరకు తోటలో ఏడాది ఒప్పందానికి మళ్ళీ వేలిముద్ర వేశాడు. బయల్దేరే రోజు పొద్దున్నే నేను రొట్టెలు మూటగట్టి గుమ్మంలోకి తెచ్చేసరికి, కంచె అవతల పొరుగింటాయనతో మాట్లాడుతున్నాడు.

“నాను లేనప్పుడు ఎవులొచ్చినా మీరే మాటాడండన్నా. మా ఆడదాన్ని పలకనియ్యకండి.”

ఆ మూట ఆయన చేతిలో పెట్టాను. జాగ్రత్త అనైనా అందామనుకున్నాను, అనకుండానే వంటింట్లోకి వచ్చేశాను.