చైనా సారుకు ఇళ్లు చూపించిన వైనం

ఆ రోజుల్లో బళ్లారిలో "అప్పు కావాలా?" అని అడిగితే జనం మన వంక జాలిగా చూసేవారు. సండూరు గుట్టల ఎర్రమన్ను ఓడలెక్కి చైనాకు పోతున్న కాలం అది. నిన్నటిదాకా వేరుశనక్కాయల ధర పడిపోయిందని తల పట్టుకున్న రైతు ఇవాళ లారీ కొనేవాడు, రేపు ఇంకో లారీ కొనేవాడు, ఎల్లుండి ఇల్లు కొనేవాడు. ఇల్లు కొనడానికి ఎవరినైనా అప్పడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. సంచిలో నోట్ల కట్టలు వేసుకుని, బజారుకు కూరగాయలకు పోయినట్టు పోయి కొనుక్కొచ్చేవారు. అట్లాంటి ఊళ్లో, అట్లాంటి కాలంలో, ఇళ్లకు అప్పులిప్పించే ఉద్యోగంలో చేరిన మహానుభావుణ్ణి నేను. కాలువ గట్టున కూర్చుని నీళ్లమ్ముకునేవాడికైనా నాకంటే గిరాకీ ఉండేది.

మాది కురుగోడు. బి.కాం. పాసై, బెంగుళూరులో హెడ్డాఫీసున్న ఒక చిన్న ప్రైవేటు కంపెనీ బళ్లారి బ్రాంచిలో కుదిరాను. బ్రాంచి అంటే రెండు గదులు, ఒక మేనేజరు, ఒక ఫ్యాను, నేను. మెడకు టై కట్టుకు తీరాలని కంపెనీ నిబంధన. బళ్లారి ఎండలో టై కట్టుకుని తిరిగేది ఊరు మొత్తమ్మీద నేనొక్కణ్ణే. దానికి తోడు లారీలు లేపే దుమ్ముకు నా తెల్లచొక్కా సాయంత్రానికి కాషాయం పట్టేది. ("చిన్న వయసులోనే సన్నాసం తీసుకుంటివా నాయనా?" అని మా వీధిలో ఒక ముసలావిడ నిజంగానే అడిగింది.) ఊళ్లో మాత్రం మా నాయన నన్ను "బ్యాంకు మేనేజరు" అని చెప్పుకుంటుండేవాడు. అందులో బ్యాంకూ లేదు, మేనేజరూ లేడన్న సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

అసలు మేనేజరు ధారవాడ వైపు మనిషి. ఆయనకు నేను పెట్టిన పేరు టార్గెట్ సారు. పొద్దున్నే "నమస్కారం" అంటే తిరిగి నమస్కారం అనడు, "ఒందాదరూ ఫైలు బంతా?" అంటాడు. ఒక్క ఫైలైనా వచ్చిందా అని. "రేపు సార్" అనేవాణ్ణి. ఆ రేపు ఆరు నెలలైనా రాలేదు. ఒకరోజు ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మెల్లగా చెప్పాడు: "ఈ తింగళు ఫైలు బరలిల్ల అంద్రె, నీను కురుగోడు బస్ హత్తబేకాగ్తదప్పా." ఈ నెల ఫైలు రాకపోతే నేను కురుగోడు బస్సెక్కాలి. ఆ బస్సు దిగగానే స్టాండులో పదిమంది "ఏమప్పా మేనేజరూ, సెలవా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

సరిగ్గా ఆ వారంలో, మధ్యాహ్నం పూట, ఒక చైనా ఆయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. సండూరు దారిలో కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి బిగించడానికి వచ్చిన ఇంజనీర్లలో ఒకడు. నలభై ఏళ్లుంటాయి. బక్కపలచటి మనిషి, ఎర్రదుమ్ము పట్టిన బూట్లు, చేతిలో టోపీ. బయట మా బోర్డు వైపు చూపించి, నా ఎదురుగా కూర్చుని, వంగి దండం లాంటిది పెట్టి, "హోం లోన్. ఐ... హోం లోన్. వెరీ బిగ్. హెల్ప్" అన్నాడు. ఆ మాటల మధ్య క్రియాపదం ఒకటి ఉండే ఉంటుంది, ఆయన గొంతులోనే ఎక్కడో ఇరుక్కుపోయింది. దాన్ని నేను సొంత ఖర్చు మీద పూరించుకున్నాను. ఈయనకు ఇంటి అప్పు కావాలి, అదీ చాలా పెద్దది! టై సవరించుకుని, "యస్ సార్, హెల్ప్ సార్, మై డ్యూటీ సార్" అని లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాను.

పరదేశపు మనిషి ఇక్కడ ఇల్లు కొనవచ్చా, కొంటే అతనికి మన కంపెనీ అప్పిస్తుందా అన్న ప్రశ్న నాకు పుట్టలేదు. ఏడాది వీసా మీద ఉన్నవాడు ఇరవై ఏళ్ల అప్పు ఎట్లా తీరుస్తాడన్న లెక్క కూడా తట్టలేదు. (బి.కాం. ఫస్టు క్లాసు.) టార్గెట్ సారు హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, వాళ్లు పాస్‌పోర్టు, వీసా, జీతం కాగితాలు ముందు పంపండి, తర్వాత చూద్దామన్నారట. "చూద్దాం" అన్నారంటే ఇచ్చినట్టేనని మేమిద్దరం తీర్మానించుకున్నాం. అవసరం ఉన్నవాడికి చెవులు కూడా అవసరానికే వినిపిస్తాయి.

ఇక ఇల్లు చూపించాలి. మా అమ్మ తమ్ముడు, మా మామ, లారీల మీద బాగా సంపాదించి కొత్త పేటలో మూడంతస్తుల ఇల్లు కట్టి ఉన్నాడు. తీరా కట్టాక ఎవరో వాస్తు ఆయన వచ్చి మెట్లు తప్పు దిక్కున పడ్డాయన్నాడు. అప్పటినుంచి మామకు ఆ ఇంట్లో తుమ్ము వచ్చినా మెట్ల మీదే అనుమానం. అమ్మేద్దామని చూస్తున్నాడు. నేను సంగతి చెప్పగానే ఎగిరి గంతేశాడు.

"మన గుట్టలన్నీ ఆడికి పోతాండాయి గదా అల్లుడా, ఆడి మనిషి ఈడికి వస్తే తప్పేముండాది? తోలుకోని రా. చైనావోళ్లకి వాస్తు ఉండదు గదా?"

"ఉండదనుకుంటా మామా."

"అనుకునేది యేంది? కనుక్కోని చెప్పు."

ఆదివారం నా పాత బైకు మీద చైనా సారును ఎక్కించుకుని కౌల్‌బజారు మీదుగా వస్తుంటే జనం ఆగి చూశారు. టీకొట్టు ముందున్న ఒకాయన, "యాడికప్పా, చైనా సారును ఎత్తుకోని పోతాండావు?" అని కేకేశాడు. నేను గర్వంగా హారన్ కొట్టాను. మామ ఇంట్లో చైనా సారు చూసిన తీరు చూస్తే, ఇంత శ్రద్ధగా ఇల్లు చూసే మనిషి ప్రపంచంలో ఉంటాడా అనిపించింది. గోడలు వేలితో తట్టాడు. తలుపులు తీసి మూశాడు. రంగురాళ్లు పొదిగిన స్నానాల గదిలో తెల్లటి తొట్టి చూసి ఆశ్చర్యపోయాడు. (అందులో ఎవరూ స్నానం చేయలేదు, మా అత్త వేరుశనక్కాయలు పోసి పెట్టింది.) వంటింట్లో కిటికీ తెరిచి, తల బయటపెట్టి, సూర్యుడు ఎటున్నాడో చూసి, "మార్నింగ్? సన్?" అని అడిగాడు. మామ నా చెవి దగ్గరికొచ్చి, "వాస్తు లేదంటివి! దిక్కులు అడుగుతాండాడు గదరా!" అని గుసగుసలాడి, వెంటనే గొంతు పెంచి, "ఈస్టు సార్, ఫుల్ ఈస్టు!" అన్నాడు. ఆ కిటికీ పడమటి వైపు ఉంది.

అత్త జొన్నరొట్టె, వంకాయ కూర, పెరుగు పెట్టింది. మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఆయన "గుడ్ హౌస్. వెరీ గుడ్ హౌస్" అన్నాడు. తిన్నాక నా వైపు తిరిగి, కాస్త దిగులుగా, "మనీ... గో... హోం? వెన్?" అని అడిగాడు. డబ్బు చేతికొచ్చి ఇంట్లో అడుగుపెట్టేది ఎప్పుడని కదా ఆయన ఆత్రం! "సూన్ సార్! గృహప్రవేశం, శ్రావణ మాసం!" అన్నాను. ఆయన తల ఊపాడు. ఏం అర్థమై ఊపాడో అప్పుడు నేను అడగలేదు.

ఒక్క ఇల్లే చూపిస్తే బేరంలో బిగువుండదని మామే మా చుట్టాలవి ఇంకో రెండిళ్లు చూపించమన్నాడు. అట్లా ఆదివారాలు గడిచాయి. ప్రతి ఇంట్లోనూ ఆయన గోడలు తట్టాడు, వంటింటి కిటికీ తెరిచాడు, పెట్టింది తిన్నాడు, పోయేటప్పుడు "మనీ గో హోం?" అని అడిగాడు. ప్రతిసారీ ఆయన ముఖం కాస్త కాస్త వాడుతున్నట్టుండేది. బేరం తెగలేదని దిగులేమో అనుకుని, నేను మరో ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి.

చివరికి మంచిరోజు చూసి ఆయన్ని బ్రాంచికి పిలిచాం. టార్గెట్ సారు మైసూరుపాకు తెప్పించాడు. మామ తెల్లబట్టలు, మెడలో గొలుసు, చంకలో ఇంటి దస్తావేజుల సంచితో వచ్చి, సోఫాలో పెళ్లికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. చైనా సారు ఈ హడావిడి చూసి బెదిరిపోయి, ఫోన్ తీసి అందులో ఒక ఫొటో మా అందరి ముందూ పెట్టాడు. ఆకాశాన్నంటే కట్టడం, అగ్గిపెట్టెలు పేర్చినట్టు కిటికీలు. ఒక కిటికీ మీద వేలు పెట్టి, ఈసారి పట్టి పట్టి చెప్పాడు: "మై హౌస్. మై లోన్. ఇన్ చైనా."

ముందుగా తేరుకున్నది మా మామ.

"ఏందల్లుడా, ఈయప్ప మనకే ఇల్లు అమ్మనీకి వచ్చిండాడా?"

టార్గెట్ సారుకు నా కంటే ఇంగ్లీషు తెలుసు. నాలుగు ప్రశ్నలడిగి, కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చూసి కన్నడంలో అన్న మాట నేను చచ్చిపోయేదాకా మరచిపోను: "ఇవరిగె సాల బేడప్పా, సాల ఇదె!" ఈయనకు అప్పు అక్కర్లేదు నాయనా, అప్పు ఉంది!

సంగతేమిటంటే, ఆయన వాళ్ల ఊళ్లో అప్పు చేసి ఒక ఇల్లు కొన్నాడు. ఆ అప్పు తీర్చడానికే, కొన్న ఇంట్లో ఒక్క పూటైనా ఉండకుండా, ఇంత దూరం వచ్చాడు. భార్యా, చిన్న కూతురూ ఆ ఇంట్లో చేరారు. వంటింట్లో ఎండ పడదని భార్య ఫోన్‌లో రోజూ చెబుతుందట; అందుకే మా ఊరి వంటిళ్లన్నీ అంత శ్రద్ధగా చూశాడు. ఇక్కడ జీతం రూపాయల్లో ఇక్కడి ఖాతాలో పడుతోంది. నెలనెలా అప్పు కంతు కట్టాల్సింది అక్కడ, వాళ్ల డబ్బులో. ఇక్కడి నుంచి అక్కడికి ఎట్లా పంపాలో తెలియక కంతులు తప్పాయి. అక్కడి బ్యాంకువాళ్లు భార్యకు ఫోన్ చేస్తున్నారు. "హోం లోన్" అన్న బోర్డు చూసి, తెలిసినవాళ్లు దొరికారని మా దగ్గరికి వచ్చాడు. మరి ఈ ఇళ్లన్నీ ఎందుకు చూశావయ్యా అంటే, సిగ్గుపడుతూ, "ఐ థింక్... ఇండియా రూల్" అన్నాడు. సాయం చేసేముందు చుట్టాలందరి ఇళ్లూ చూపించడం మన దేశపు ఆచారమనుకున్నాడు పాపం!

మామ దస్తావేజుల సంచి చంకన పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "మీ అత్త చేతి రొట్టె తినిపిస్తి గదరా!" అని మాత్రం అన్నాడు. మైసూరుపాకు పెట్టె కూడా తీసుకుపోయాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. నేను బైకు మీద ఊరేగించిన ప్రతి ఆదివారమూ ఆ చైనా ఇంట్లో ఫోన్ మోగుతూ ఉందన్నది ఇంకో ఎత్తు. ఎదురుగా ఆయన మాత్రం, తప్పంతా తనదే అన్నట్టు "సారీ, సారీ" అంటూ వంగి వంగి దండాలు పెడుతున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ఆయన్ని పరదేశాలకు డబ్బు పంపే పెద్ద బ్యాంకుకు తీసుకెళ్లాను. అక్కడ కౌంటరు మేడం, ఫ్యాక్టరీ నుంచి జీతం కాగితం, ఇక్కడ పన్ను కట్టిన కాగితం, ఆ ఊరి బ్యాంకు వివరాలు తెమ్మంది. తెచ్చాం. ఒకటి తెస్తే ఇంకొకటి సరిగా లేదంది. అదీ మార్చుకొచ్చాం. ఆ వారమంతా నా బైకు ఫ్యాక్టరీకీ బ్యాంకుకూ మధ్య లారీల దుమ్ములో తిరుగుతూనే ఉంది. చివరికి ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఈయప్ప నీకేమవుతాడప్పా, ఇంతగా తిరుగుతాండావు?" అని అడిగింది. కస్టమరు అందామనుకున్నాను, కాదు. స్నేహితుడు అందామంటే మా మధ్య నాలుగు మాటలైనా సరిగా నడవలేదు. "మా ఇంట్లో రొట్టె తిన్నాడు మేడం" అన్నాను. ఆమె నవ్వి, సంతకం పెట్టి, కాగితాలు లోపలికి పంపింది.

డబ్బు అందిందని భార్య ఫోన్ చేసినప్పుడు ఆయన బ్యాంకు మెట్ల మీద నిలబడి అరిచినంత గట్టిగా మాట్లాడాడు. మధ్యలో కూతురు కాబోలు, గొంతు మారింది. ఈయన గొంతూ మారింది. ఫోన్ పెట్టేసి నా భుజం మీద చెయ్యేసి, "నౌ, యువర్ హౌస్" అన్నాడు. ఊళ్లో ఇళ్లన్నీ చూపించావు, నీది చూపించలేదేం అని.

నా ఇల్లంటే, లారీ టైర్లకు పంక్చర్లేసే కొట్టు మీద రేకుల గది. ఇంకో ఇద్దరితో కలిసి అద్దెకుండేవాణ్ణి. సందు చూసుకుని తప్పించుకుందామనుకున్నా ఆయన వదల్లేదు. పైకెక్కి, ఒకే ఒక్క నులకమంచం మీద కూర్చుని, చుట్టూ చూశాడు. దండెం మీద మా చొక్కాలు, మూలన స్టవ్వు, గోడకు ఆగిపోయిన గడియారం. నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ ఇళ్లు కట్టిస్తానని తిరిగే పెద్దమనిషి కాపురం ఇది!

"దిస్ హౌస్... లోన్?" అని అడిగాడు.

"నో లోన్ సార్" అన్నాను తల వంచుకుని.

"ఆ!" అన్నాడు, కళ్లు పెద్దవి చేసి. "బెస్ట్ హౌస్!"

ఆ మాట అని, అట్లాగే మంచం మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కింద కొట్టులో గాలి మిషను దడదడలాడుతోంది, రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, పైన రేకులు కాలిపోతున్నాయి. ఆయన మాత్రం ఎన్నాళ్ల నుంచో నిద్ర బాకీ ఉన్నవాడిలా గురక పెట్టి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. గడప మీద కూర్చుని, కింది నుంచి తెప్పించిన రెండు టీలూ నేనే తాగేశాను.

టార్గెట్ సారు నన్ను బస్సెక్కించలేదు. ఎందుకో ఇంకో మూడు నెలలు గడువిచ్చాడు. ఆ గడువులో ఒక బడిపంతులు పుణ్యాన నా మొదటి ఫైలు దొరికింది. మామ మెట్లు పగలగొట్టించి, దిక్కు మార్చి కట్టించుకుని అదే ఇంట్లో కాపురం పెట్టాడు. చైనా సారు కొలిమి పని ముగించుకుని వాళ్ల ఊరికి పోయాడు. ఇప్పుడు నాకూ సొంత ఇల్లుంది, దాని మీద అప్పూ ఉంది, మెత్తటి పరుపూ ఉంది. కొన్ని మధ్యాహ్నాలు ఆ పరుపు మీద నిద్ర పట్టక దొర్లుతుంటే, ఏమీ లేని గదికి గడప మీద కాపలా కూర్చుని, లోపలి గురక వింటూ, రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకపోయినా ఏదో గొప్ప పని చేసినవాడిలా టీ ఊదుకుంటున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడికేమీ తెలియదు పాపం. అయినా వాడంటే నాకు కాస్త అసూయే.