అరవై నాలుగో పేజీ

ఆ పాట వినిపిస్తే నేను నిలబడలేను. మేడ్చల్ బస్ డిపో ఎదురుగా టీ కొట్టతను పొద్దున్నే ఫోన్లో పెడతాడు. అల్వాల్‌లో మా పిన్ని వాళ్ళ వీధి చివర చర్చి మైకులో వస్తుంది. నాలుగు చరణాలు పాడి చక్కగా ముగిస్తారు. అక్కడ ముగియకూడదని నాకు తెలుసు. సగం తాగిన టీ అక్కడే పెట్టేసి రోడ్డు దాటేసిన రోజులున్నాయి.

నాది డి.టి.పి. పని. మార్కెట్ పక్క సందులో చిన్న దుకాణం. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఎప్పుడైనా ఒక పుస్తకం. టైపు చేసి పేజీలు పెట్టి, అచ్చు బయట ప్రెస్సులో వేయిస్తాను. పన్నెండేళ్ళ కిందట దూలపల్లి నుంచి ఒక చిన్న చర్చి పెద్దాయన వచ్చి, తమ సంఘంలోని వాళ్ళు కట్టిన పాటలన్నీ ఒక పుస్తకంగా వేయాలన్నాడు. ముసలివాళ్ళకు కూడా కనబడేలా అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఈస్టర్‌లోపు చేతికి రావాలి. అంతకు మించి ఏమీ అడగలేదు.

పాటలు రకరకాల కాగితాల మీద వచ్చాయి. చివరిది మాత్రం విప్పిన అట్టపెట్టె లోపలివైపు బాల్‌పెన్నుతో రాసి ఉంది. రాసినావిడ దూలపల్లిలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కూలి. కుదిరినప్పుడు రాసుకుందట. ఐదు చరణాలు. ఐదోది ఇలా మొదలవుతుంది:

దూలపల్లి బాట మీద కూలికొచ్చే దానను
చేతులే నా కానుకయ్యా, వేరే ఏమి తేను

మూడో పాదంలో ఆమె పేరు. పాట కట్టినవాళ్ళు ఆఖరి చరణంలో తమ ఊరో పేరో పెట్టుకోవడం మా వైపు భజనల్లోనూ ఉంది, చర్చి పాటల్లోనూ ఉంది. అదే వాళ్ళ సంతకం. పైన రచన ఫలానా అని విడిగా ఎవరూ రాయరు.

అచ్చుపనిలో పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. నాలుగు ఫారాలతో అరవై నాలుగు పేజీలకు పుస్తకం ముగియాలి. అక్షరాలు పెద్దవి చేసేసరికి ఆఖరి పాటలోని ఆఖరి నాలుగు లైన్లు అరవై ఐదో పేజీలోకి జారాయి. నాలుగు లైన్ల కోసం ఇంకో ఫారం వేయలేం. ఈస్టర్ మెడ మీదికి వచ్చింది, ప్రెస్సు వాడు గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. పెద్దాయనకు చెబితే ఎట్లన్నా సర్దమన్నాడు. ప్రూఫ్ కాగితం ముందు పెట్టుకుని ఎర్ర పెన్నుతో ఐదో చరణం మీద అడ్డంగా గీత గీశాను. పక్కన ‘తీసేయాలి’ అని రాశాను.

ఇక్కడ నేను నిజం చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఏదో ఒక చరణం చేతికి తగిలిందని తీసేయలేదు. మిగతా నాలుగూ దేవుడి గురించి ఉన్నాయి, ఇది ఈవిడ గురించే కదా, పాడేవాళ్ళకు ఈవిడ పేరుతో పనేముంది అనుకుని తీసేశాను. చదివి, అర్థం చేసుకుని, ఎంచి తీసేశాను. ఆ సాయంత్రానికి మరచిపోయాను కూడా.

పుస్తకం ఊళ్ళు తిరిగింది. ఆ ఒక్క పాట మరీ తిరిగింది. నిరుడు ఒక పెద్ద పాటల ఛానల్ వాళ్ళు దాన్ని వాయిద్యాలతో రికార్డు చేసి, సాహిత్యం దగ్గర తమవాళ్ళ పేరే వేసుకున్నారు. తరవాత కొన్నాళ్ళకు ఆ పాట రాసిన అక్క మా దుకాణానికి వచ్చింది. పన్నెండేళ్ళలో నేనామెను చూడడం అదే మొదటిసారి. యాభై దాటి ఉంటుంది, వేళ్ళకు అట్టలు కోసిన గాట్లు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో అంచులు నలిగిన పాటల పుస్తకం.

ఆమె చర్చిలో పాడుతుంటే కూతురు వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. రెండో రోజే ఈ పాట హక్కులు ఫలానా ఛానల్‌వని నోటీసు వచ్చింది, వీడియోలో గొంతు ఆపేశారు. ఫోన్లో చూపించింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

“నా పాట నాది గాదంటాండ్రు చెల్లె,” అంది. “గీ పుస్తకం నువ్వే జేసినవంట గదా. నేను రాసిచ్చిన అట్ట నీ తాన ఉన్నదా?”

చూసి చెబుతానన్నాను. కూర్చోమని కూడా అనలేదు. ఆమె వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చోలేకపోయాను. లేచి షట్టర్ దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. కార్డు ప్రూఫ్ కోసం వచ్చిన పెళ్ళివాళ్ళ మీద ఊరికే విసుక్కున్నాను.

మరునాడు తెలిసిన వకీలును కలిశాను. నా సంగతి చెప్పకుండా అక్క సంగతే చెప్పాను. పాటకు అంటిపెట్టుకుని ఉండే రచయిత పేరును, హక్కుదారు వివరాలను కాపాడడానికి చట్టం ఉందన్నాడు. అనుమతి లేకుండా, తెలిసి, వాటిని తీసేస్తే నేరమట, జైలు దాకా పోవచ్చట. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఛానల్ వాళ్ళను పట్టుకోవచ్చు కదా అన్నాను. ఆయన పుస్తకం తిరగేసి తల అడ్డంగా ఊపాడు. ఇందులో ఎక్కడా ఆమె పేరు లేదు, మాకు తెలియదని వాళ్ళు చక్కగా తప్పించుకుంటారన్నాడు. తెలిసి తీసేసినవాళ్ళు ఎవరైనా ఉంటే అది ఈ పుస్తకానికి ముందే జరిగి ఉండాలని, మామూలుగా, టీ తాగుతూ అన్నాడు. నా టీ మళ్ళీ మిగిలిపోయింది.

మూడు రోజులు దుకాణం తిరగబోశాను. అట్ట దొరకలేదు. పాత కంప్యూటర్ ఏనాడో తుక్కుకు పోయింది. కానీ నేను ప్రూఫ్ కాగితాలు పారేయను, వెనకవైపు వాడుకోవడానికి దాచుకుంటాను. అటక మీది కట్టల్లో ఆ పుస్తకం ప్రూఫ్ ఉంది. ఆఖరి కాగితంలో ఐదు చరణాలూ ఉన్నాయి, ఆమె పేరుంది, దాని మీద నా ఎర్ర గీత, నా చేతిరాత, తారీఖు. ఆ పాట ఆమెదని చెప్పే కాగితం లోకంలో అదొక్కటే. దాన్ని తీసేసింది నేనని చెప్పే కాగితమూ అదే.

చింపేద్దామనుకోలేదని అబద్ధమాడను. రెండు రోజులు సంచిలో వేసుకుని తిరిగాను. శామీర్‌పేటలో ఒక ఫ్లెక్సీ ఇవ్వడానికి వెళ్ళి, చెరువు కట్ట మీద బండి ఆపి, తీసి చూసి, మళ్ళీ మడిచి పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అక్కడి నుంచే నేరుగా దూలపల్లి వెళ్ళాను.

షిఫ్టు అయిపోయి ఆమె ఫ్యాక్టరీ గేటు బయటికి వస్తోంది. కాగితం చేతికిచ్చి, ఆ గీత నాదేనని, చదివే గీశానని చెప్పాను. ఆమె ఆ ఎర్ర గీత మీద వేలు జరిపింది.

“నేను సంఘం పెద్దలే తీసిండ్రనుకున్న,” అంది. “దేవుని పాటల నీ పేరేంది అని తీసిండ్రేమోనని సిగ్గయింది. ఎవ్వల్నీ అడగలే. ఆ చరణం ఇంట్ల గూడ మళ్ళ పాడలే.”

అరవై నాలుగో పేజీలో చోటు చాలలేదక్కా అన్నాను. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ నా ముందు పట్టుకుంది. నాలుగో చరణం కింద, గడి కట్టి, మా దుకాణం పేరు, నా పేరు, ఫోన్ నంబరు. నాలుగు లైన్ల ఎత్తు. పన్నెండేళ్ళుగా ప్రతి పుస్తకంలో వేస్తున్న గడి అది. ఆ రోజు దాన్ని తీసేయొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

“నీ పేరుకు జాగ దొరికింది గదా చెల్లె,” అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

ఛానల్ వాళ్ళకు పంపడానికి ఆ ప్రూఫ్‌తో పాటు నేనొక ఉత్తరం రాసిచ్చాను. చరణం తీసేసింది నేను, అందులో పేరు ఉందని తెలిసే తీసేశాను, రచయిత్రికి చెప్పలేదు అని రాసి సంతకం చేశాను. ‘తెలిసే’ అన్న మాట వద్దు, నీ మీదికే వస్తుందని వకీలు కొట్టేయబోయాడు. ఆ మాట ఉండనివ్వమన్నాను. పన్నెండేళ్ళలో ఆ పాట విషయంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

నెల తిరిగేసరికి ఆమె వీడియోకి గొంతు తిరిగొచ్చింది. ఛానల్ వాళ్ళు సాహిత్యం దగ్గర ఆమె పేరు వేశారు, వేలితో మూడుసార్లు కిందికి తోస్తే కనబడుతుంది. పాట మాత్రం అందరూ నాలుగు చరణాలకే ఆపుతున్నారు. అలవాటు.

మొన్న ఒక ఆదివారం ఆమె రమ్మంటే దూలపల్లి చర్చికి వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. నాలుగో చరణం అవగానే డోలక్ ఆగింది, అందరూ పుస్తకాలు మూసేశారు, పాస్టరు ప్రార్థనకు లేచాడు. ఆమె మాత్రం ఆపలేదు. దూలపల్లి బాట మీద అంటూ ఒక్కతే ఎత్తుకుంది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. రెండు పాదాలు పాడింది. మూడో పాదం దగ్గర, తన పేరు దగ్గర, నోరు రాక ఆగిపోయింది.

ఆ చరణం తెలిసిన మనిషి అక్కడ ఆమె కాక ఇంకొకతే ఉంది. ఆ పేరు నేను పాడాను. గొంతు బాగాలేదు, రాగం కూడా తప్పింది. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి, నాలుగో పాదం అందుకుంది.