బసిల్యా వండిన చేప

డాన్ ఫాస్తినో బసిల్యా చేతి వంట తప్ప మరెవరి చేతి మెతుకూ ముట్టేవాడు కాదు. తయాబాస్ జిల్లా నుంచి మనీలా శాసనసభకు ఆయన గెలిచిన రోజునే, ఓడినవాడి బావమరిది కోడిపందేల బరిలో అందరూ వినేట్టు, "వీడు పదవీకాలం ముగించుకుని ప్రాణాలతో ఊరికొస్తే నా పేరు మార్చుకుంటా" అన్నాడట. ఆ మాట ఆయనకు ముల్లులా దిగబడిపోయింది. అందుకే, తన ఊళ్లోనే భర్త పోయాక చిన్న కొబ్బరితోట చూసుకుంటూ బతుకుతున్న బసిల్యాను వంటకని మనీలా తీసుకొచ్చాడు. తోట మరిది సెవెరోకు అప్పగించి ఆమె బయల్దేరింది.

వడ్డించే ముందు ప్రతి గిన్నెలోంచీ ఒక ముద్ద ఆయన కళ్లెదుటే ఆమె తినాలి. ఆమె మింగేదాకా ఆయన చెంచా ఎత్తడు.

"బండివాడు వంటింట్లోకొచ్చాడా?"

"లేదయ్యగారూ."

"మరి ఆ నవ్వెవరిది?"

"నాదే. పిల్లిని తప్పించబోయి జారిపడ్డాను."

"పిల్లి ఎవరింటిది?"

ఇస్త్రీవాడి మీద అనుమానం, సభలో పక్క కుర్చీ ఆయన మీద అనుమానం. విందులకు పిలిస్తే ఇంటి నుంచి క్యారేజీ పట్టుకుపోయేవాడు. బసిల్యాకు లోపల్లోపల నవ్వొచ్చినా, ఇంత పెద్దమనిషి తననొక్కదాన్నే నమ్మాడని కాస్త గర్వంగానూ ఉండేది.

అమెరికన్ల పాలన వచ్చి పదేళ్లు దాటింది. కింది సభలో స్థానికులు గొంతు చించుకోవచ్చు. పైసభలో అమెరికన్లు తలూపితేనే అది చట్టం. రెండో ఏడు సమావేశాలప్పుడు హాలక్ అనే అమెరికన్ ఒకడు ఇంటికి రావడం మొదలెట్టాడు. కొబ్బరినూనె కంపెనీ మనిషి. మొదటిరోజే పంచదార పాకంలో ఊరేసిన పళ్ల డబ్బా తెచ్చాడు. రుచి చూడ్డానికి బసిల్యా చెంచా పట్టుకు నిలబడింది.

"అక్కర్లేదులే, నువ్వెళ్లు" అన్నాడు డాన్ ఫాస్తినో, డబ్బాలోంచే తింటూ.

వంటింట్లోకి వచ్చాక ఆమె ఆ ఎంగిలి కాని చెంచానే మళ్లీ కడిగింది. పిల్లిని కూడా నమ్మని మనిషి వీణ్ణెలా నమ్మాడు?

వారం తిరక్కుండానే సెవెరో ఊరి నుంచి దిగాడు.

"వదినా, మన తోట వెనక కంపెనీవాళ్లు గొలుసులు పట్టి కొలతలు వేస్తున్నారు. మనకేమో పట్టా లేదు. ఇప్పుడున్న చట్టం ప్రకారం కంపెనీ అంత భూమి తీసుకోకూడదట. ఆ అడ్డు తీసేసే బిల్లు సభకొస్తోందట. మీ అయ్యగారు ఎటువైపు?"

ఆ పూటే వడ్డిస్తూ అడిగింది. డాన్ ఫాస్తినో మూతి తుడుచుకున్నాడు.

"మన ఊరి భూమి నేను అమ్ముతానా? పిచ్చిదానా, వ్యతిరేకంగానే వేస్తాను."

ఆయన తన కళ్లలోకి చూడలేదని బసిల్యా గమనించింది.

ఓటింగు రోజు పొద్దున పులియబెట్టిన కొబ్బరికల్లులో చేప వండింది. తను రుచి చూసింది, ఆయన మారు వడ్డించుకు తిన్నాడు, గంజిపెట్టిన తెల్లసూటు తొడుక్కుని బండెక్కాడు. వెనకాలే బసిల్యా, ఓటింగు కోసం ఆగిపోయిన సెవెరో నడిచివెళ్లి సభామందిరం పైమెట్లమీద, చూడవచ్చినవాళ్ల మధ్య కూర్చున్నారు. మాటలన్నీ పాత దొరల స్పానిష్‌లోనే, వాళ్లకి ముక్క అర్థం కాలేదు. డాన్ ఫాస్తినో పేరు పిలిచారు. కుర్చీ ఖాళీ. గుమాస్తా ఏదో చదివాడు; సభ్యులు గొల్లున నవ్వారు.

"ఏమంటున్నారు బాబూ?" అని సెవెరో పక్కాయన్ని అడిగాడు.

"కడుపునొప్పట. వంటమనిషి చేసిన చేప పడలేదట."

బిల్లు ఒక్క ఓటు తేడాతో గెలిచింది.

ఆయన చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. బసిల్యా తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఆ చేప నేనూ తిన్నానయ్యగారూ."

"ఊరుకో బసిల్యా. నేను వాళ్లకి ఓటెయ్యలేదు కదా! రాజకీయం నీకు తెలీదు."

"నా వంట నాకు తెలుసు" అని ఆమె మూట కట్టుకుంది.

ఊళ్లో అడుగుపెట్టేసరికి కబురు ముందే చేరిపోయి ఉంది. కంపెనీవాళ్లు వంటమనిషిని కొనేశారనీ, చేపలో ఏదో కలిపించారనీ, పాపం డాన్ ఫాస్తినో చావు తప్పి బయటపడ్డాడనీ. నీళ్లరేవు దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి మాట ఆపేసేవారు. ఆరు నెలల్లో పైసభా తలూపింది, తోటకు కంపెనీ కంచె పడింది. తర్వాతి ఎన్నికల్లో జాలి ఓట్లతో డాన్ ఫాస్తినో మళ్లీ గెలిచాడు.

బసిల్యా లుసెనా ఓడరేవులో పూటకూళ్ల కొట్టు పెట్టింది. ఓడ దిగినవాళ్లు లొట్టలేసుకుంటూ తినేవారు. సొంత ఊరివాళ్లు ఆకలేసినా దాటుకుపోయేవారు. సెవెరో ఒక్కడే కట్టెలు కొట్టిపెడుతూ ఆమె దగ్గరుండిపోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, గిరాకీ లేనివేళ, అతను గొడ్డలి పక్కన పెట్టాడు.

"వదినా, కోప్పడకు. ఆ రోజు చేప... తాజాదేనా?"

బసిల్యా అతని వంక చూసింది. సభలో తన పక్కనే కూర్చున్న మనిషి. తనతోపాటు తోట పోగొట్టుకున్న మనిషి.

"తాజాదే" అంది.

సెవెరో తలూపాడు. నమ్మినట్టే ఊపాడు. ఆమె లేచి, రేవులోకి వస్తున్న ఓడను చూసి, పొయ్యిలో మరో రెండు కట్టెలు ఎగదోసింది.