ఒట్టి పేరు

మా నాయన నంద్యాలలో బెల్లం, చింతపండు అమ్మే అంగడి నడిపేవాడు. ఆయన నోట ఎవరి పేరూ ఒంటరిగా వచ్చేది కాదు. పల్లెల నుంచి బండ్లు తోలుకొచ్చే రైతుల పేర్ల చివర రెడ్డో, అప్పో ఉండాల్సిందే. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లకు గారు. మూటలు మోసే హమాలీకి కూడా పేరు వెంట అన్న తగిలించేవాడు. "ఒట్టి పేరుతో పిల్చేది మనోళ్లనే పాపా. పరాయోళ్లకు మర్యాద పెట్టాల" అని నాకు చెప్పేవాడు.

నన్ను మాత్రం ఒట్టి పేరుతో పిలిచేవాడు. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మీరు చదువుతారే గాని ఆయన గొంతులో వినలేరు. చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసేవాడు. తెల్లవారి అంగడికి బయలుదేరే ముందు నా మంచం దగ్గరికి వచ్చి పిలిచేవాడు. అప్పటికే నాకు మెలకువ వచ్చి ఉండేది. అయినా పలికేదాన్ని కాదు. మొదటి పిలుపుకే లేస్తే ఆ ఒక్కటే దక్కుతుంది కదా! కండ్లు మూసుకుని ఇంకోటి, ఇంకోటి రానిచ్చి, "ఇదేం మొద్దు నిద్రబ్బా!" అని ఆయన విసుక్కున్నాక లేచేదాన్ని. నా దొంగనిద్ర ఆయనకూ తెలుసని నా అనుమానం.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు నన్ను ఆళ్లగడ్డకు ఇచ్చారు. అప్పగింతలు అయిపోయి బస్సు ఎక్కబోతుంటే నాయన నన్ను పిలిచాడు. పేరు చివర 'అమ్మ' చేర్చి పిలిచాడు. ఎవరిని పిలుస్తున్నాడా అని చుట్టూ చూశాను. మా ఇంటి పద్ధతి అది. పెళ్లి చేసి ఇచ్చిన గడియ నుంచి ఆడపిల్ల ఇంకొకరింటి ఇల్లాలు. ఒట్టి పేరు పెట్టి పిలిస్తే ఆ ఇంటిని చులకన చేసినట్టు. నాయన తల్లి, మా జేజి, ఈ విషయంలో మహా గట్టిది. తాను కన్న కూతుళ్లను కూడా అట్లాగే పిలిచేది. అదంతా చూస్తూ పెరిగినదాన్నే. అయినా అది నా దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆళ్లగడ్డలో నాకు అసలు పేరే లేకుండా పోయింది. అత్తకు నేను నంద్యాల పిల్లను. మామ "అమ్మాయీ" అనేవాడు. మా ఆయన పదిమందిలో "ఇదో" అనేవాడు, ఎవరూ లేనప్పుడూ "ఇదో" అనేవాడు. పాపం, ఆయన ఇంటి మర్యాద ఆయనది. మా ఇంటి వెనకే విగ్రహాలు చెక్కేవాళ్ల కొట్టాలు. పొద్దున్నే ఉలి చప్పుడుకు మెలకువ వచ్చేది. ఇంకా నంద్యాలలోనే ఉన్నాననుకుని, కండ్లు తెరవకుండా పిలుపు కోసం ఎదురుచూసేదాన్ని. అంతలో "నంద్యాల పిల్లా, పొయ్యి ఎలిగించినావా?" అని అత్త కేక. ఆమె మంచిదే. కానీ ఆ కేకకు లేవడానికి మనసొప్పేది కాదు.

సరుకు పనిమీద చాగలమర్రి వైపు పోయేటప్పుడు నాయన మా ఇంట్లో దిగేవాడు. గడప దగ్గరే ఆగి, నా పేరుకు 'అమ్మ' తగిలించి, "బాగుండావా?" అనేవాడు. ఏడుపు వచ్చేది. బెల్లం కొనడానికి వచ్చినవాళ్లకు పెట్టే మర్యాదే నాకూ పెడుతున్నాడే అని ఒళ్లు మండేది కూడా. ఆ మర్యాద నాకెందుకు?

తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోయారు. ఈసారి ఉండబట్టలేక అడిగేశాను. "నాయనా, ఈడ పరాయోళ్లు ఎవరుండారు? నన్ను పేరు పెట్టి పిలువు."

ఆయన నోరు తెరిచేలోపే జేజి వంటింట్లోంచి అందుకుంది. "ఏందీ నువ్వు అడుగుతాండేది? ఈడ అలవాటైతే రేపు మీ అత్త ముందర నోరు జారడా? పిల్లనిచ్చినోళ్లకు మర్యాద తెలీదని వాళ్లు అనరా?"

నాయన కండువా దులిపి భుజాన వేసుకుని అంగడికి పోయాడు.

ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లాక ఒక పొద్దున జేజి, అమ్మ పెరట్లో బిడ్డకు నీళ్లు పోస్తున్నారు. నేను మంచం మీద మెలకువగానే ఉన్నాను. నాయన వచ్చి 'అమ్మ' చేర్చి పిలిచాడు. నేను పలకలేదు. మళ్లీ అట్లాగే పిలిచాడు. అప్పుడూ పలకలేదు. ఆయన పెరటి వైపు నడిచి, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, మంచం మీదికి వంగి, ఒట్టి పేరుతో పిలిచాడు. చివర సాగదీసి, అచ్చం అప్పటిలాగే.

ఎంత ఆశ నాది! ఇంకో పిలుపు వస్తుందని కండ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను. ఆయన "పండుకోనీలే" అని తనలో తానే అనుకుని, నా కాళ్ల మీద దుప్పటి సర్ది, అంగడికి పోయాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పుట్టింటికి పోయినా ఆ పేరు ఆయన నోట ఒట్టిగా వినలేదు. ఇప్పటికీ తెల్లవారి మెలకువ వస్తే వెంటనే కండ్లు తెరవను.