చివరి వరసలో లేచే చెయ్యి

మా మేష్టారు పోయారన్న కబురు నేను కొట్లో ఉండగా వచ్చింది. గజపతినగరం మెయిన్ రోడ్డులో మాది గాజుల కొట్టు. నాన్న తరవాత నేనే చూసుకుంటున్నాను. ఒకావిడకి మట్టిగాజులు ఎక్కిస్తున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉండగా ఫోను మోగింది. చేసింది గరివిడి ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే కుర్రాడు, నాతో పాటు నాటకాల క్లాసులో చదువుతున్నవాడు, నేను తమ్ముడనే పిలుస్తాను. మామూలుగా వాడు ఫోను చేస్తే కొట్టంతా వినబడుతుంది. ఆ రోజు చెవికి నొక్కిపెట్టుకుంటే గానీ వినబడలేదు. "అక్కా, మేష్టారు పోనారు. రేత్రి పడుకున్న మనిషి లెగనేదట" అన్నాడు. మిగిలిన గాజులు కూడా ఎక్కించి, "నిండుగా ఉన్నాయమ్మా" అని ఆవిణ్ణి పంపించి, షట్టరు సగం దించుకుని కూచున్నాను.

పక్క కొట్టాయన తొంగిచూసి, "ఏటమ్మా, ఒంట్లో బాగులేదా?" అన్నాడు. మా మేష్టారు పోయారని చెప్పాను. "ఎవరూ, సిన్నప్పటి బడి మేష్టరా?" అన్నాడు. కాదంటే ఈ వయసులో నాకు మేష్టరేమిటో వివరించాలి, ఆ ఓపిక లేక అవునన్నాను.

ఆయనకి చెప్పనిది మీకు చెప్తాను. అమ్మ పోయాక ఇంట్లో నేను ఒక్కదాన్నే మిగిలాను. పెళ్ళి చేసుకోలేదు, దానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదంతే. రోజంతా కొట్లో "ఏ సైజు, ఏ రంగు" అనడమే. సాయంత్రం కొట్టుకి తాళం వేసి మేడ మీది ఇంటికెళ్తే మళ్ళీ పొద్దున్న దాకా నా నోటికి పనిలేదు. ఒక రోజు పాలవాడితో మాట్లాడబోతే గొంతు బొంగురుగా, ఎవరిదో అయినట్టు వచ్చింది. భయమేసింది. విజయనగరంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో శని, ఆదివారాలు రంగస్థల కళల డిప్లొమా చెప్తున్నారని తెలిసింది ఆ రోజుల్లోనే. వయసుతో పని లేదన్నారు. చేరాను. మా వదిన "ఈ వయసులో మొహానికి రంగేసుకుంటావేటే, నవ్విపోతారు" అంది. "నవ్వితే టికెట్టు పెడతాను వదినా, నువ్వు మాత్రం ఊరికే రా" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, మొదటి రోజు బస్సు దిగి కాలేజీ గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

మేష్టారు అప్పటికే బాగా పెద్దాయన. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, చొక్కా ఎడమవైపు తెల్లగా ఉండేది. "ఏటి సెయ్యగలవమ్మా?" అని అడిగారు. ఏమీ చెయ్యలేనండీ అన్నాను. "మంచిది. నీసేత ఏదీ మరిపించాల్సిన పని నేదు" అన్నారు. అంతే నా ఇంటర్వ్యూ.

నటన నేర్పిస్తారనుకుని వెళితే నాకు ముందు చీపురు ఇచ్చారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు ఎవరిది పెద్ద వేషమో వాళ్ళే స్టేజీ తుడవాలి. తుడిచాక ఆయన చెప్పులు విప్పి, మూలమూలకీ నడిచి, అరికాలితో చెక్కలు తడిమి చూసేవారు. మేకు తలో, లేచిన చెక్క పేడో తగిలితే అక్కడ కూలబడి సుత్తి అడిగేవారు. "కాలికి భయం ఉంటే నోటికి మాట రాదు" అనేవారు. తరవాత సుద్దముక్క తీసి నేల మీద ఇల్లు గీసేవారు. ఇది గుమ్మం, ఇది వంటగది, ఇక్కడ కిటికీ. ఆ గీతల్ని మేం గోడలనే నమ్మాలి. ఒకసారి మా క్రేన్ తమ్ముడు డైలాగు చెప్పుకుంటూ వంటగది గోడలోంచి దర్జాగా నడిచొచ్చేశాడు. మేష్టారు నాటకం ఆపించి, "ఒరే, నువ్వు సచ్చిపోయినట్టు ఈ నాటకంలో ఎక్కడా రాయనేదు" అన్నారు. వాడు మళ్ళీ వెనక్కి వెళ్ళి గుమ్మంలోంచి వచ్చాడు. ఇంటికొచ్చాక నా గది గోడలు చూసుకుని నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చెప్పుకోడానికి మనిషి లేనప్పుడు నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోతుంది, మీకెప్పుడైనా అయిందో లేదో.

ఇక ఆ చెయ్యి సంగతి. మా హాల్లో కుర్చీలు మూతపడ్డ ఒక సినిమా హాలు నుంచి కొన్నవి. కూచుంటే పలక కిందికి వస్తుంది, లేస్తే టపీమని వీపుకి అంటుకుంటుంది. మేం రిహార్సలు మొదలుపెట్టగానే మేష్టారు స్టేజీ దిగి, నడుచుకుంటూ వెళ్ళి చివరి వరస మధ్య కుర్చీలో కూచునేవారు. మధ్యలో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. మా మాట అక్కడిదాకా రాకపోతే కుడి చెయ్యి ఎత్తేవారు. చెయ్యి లేచిందంటే ఆ మాట మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. ముందు వరసలో ఎందుకు కూచోరండీ అని అడిగితే, "ముందు కూకున్నోళ్ళు ఎలాగూ ఇంటారు. ఎనకాల ఒంటిగా కూకున్నోడు కూడా బస్సు సార్జీ ఎట్టుకునే వచ్చేడు" అనేవారు.

ఆయనది నౌపడ. వాళ్ళమ్మ ఉప్పుమడుల్లో పనిచేసేదట. ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదున్న చెల్లెలితో మాట్లాడేదట, మధ్యలో మైదానమంత మడి. "మాయమ్మ అరిసేది కాదు. అరిస్తే గాలి తినేస్తాది. మాటని అంపేది. అరవకే తల్లీ, అంపు" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో. నాదసలే కొట్లో గొంతు, బల్లకి ఇటూ అటూ సరిపోయేది. మొదటి ఏడాదంతా నేను నోరు తెరవగానే చెయ్యి లేచేది. ఒళ్ళు మండిపోయేది. పరీక్ష కోసం ఆయనే నాకు ఒక ఏకపాత్ర రాసిచ్చారు. ఉప్పుమడి గట్టు మీద ఒక అక్క, అవతలి గట్టు మీద కనబడీ కనబడని చెల్లెలు. కాపురం సంగతీ, కాళ్ళ పుండ్ల సంగతీ, తల్లి సంగతీ అన్నీ చెప్తుంది అక్క. మొదటి మాటా అదే, చివరి మాటా అదే: "ఒసే సెల్లీ, ఇనబడతన్నాదేటే?" ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చెయ్యి లేవకుండా ఇది పూర్తి చెయ్యాలని నాకు పట్టుదల పట్టుకుంది. డిప్లొమా కాగితం మీద నాకు మోజు లేదు, ఏ గోడకి తగిలించుకుంటాను? ఆ చివరి వరసకి నా మాట చేరాలి, అంతే.

రానురాను చెయ్యి లేవడం ఎక్కువైంది. నాకే కాదు, అందరికీ. మేం పాడైపోతున్నాం కాబోలనుకున్నాం. గొంతులు పెంచాం. అయినా చెయ్యి లేస్తూనే ఉంది, ఇంకా పెంచాం. శ్రీకాకుళంలో నాటక పోటీలకి వెళ్ళినప్పుడు మా తమ్ముడు మొదటి డైలాగు కొట్టగానే ముందు వరసలో పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. మైకులతను సౌండు తగ్గించాడు, తగ్గించి తగ్గించి చివరికి మొత్తం కట్టేశాడు. అయినా రోడ్డు మీదికి వినబడ్డామట. నాటకంలో మాది భార్యాభర్తలు గుసగుసలాడుకునే సీను. జనం ఎంత నవ్వారంటే, విషాదాంతం అయ్యేసరికి కూడా ఆగలేదు. న్యాయనిర్ణేత ఒకాయన, "మీరు రిహార్సలు ఎక్కడ చేశారు, సంతలోనా?" అని అడిగారు. మా తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. మేష్టారు మాత్రం వాడి భుజం తట్టి, "బాగా సేసేవురా, ఇయాల పతీ మాటా ఇనబడ్డాది" అన్నారు.

తిరుగు బస్సులో ఆయన పక్క సీట్లో కూచున్నాను. వేరుశెనక్కాయలు కావాలా అని అడిగాను. కిటికీలోంచి చూస్తున్నారు. మళ్ళీ అడిగాను. మూడోసారి చెయ్యి తట్టి అడిగితే తిరిగి, నా పెదాల వంక చూశారు. అప్పుడు అర్థమైంది నాకు. పొట్లం ఆయన చేతిలో పెట్టాను. ఆయనకీ తెలిసింది, నాకు తెలిసిందని. చాలా దూరం పోయాక, "సెప్తే ఇంకో మేష్టర్ని ఎతుకుతారు. దొరక్కపోతే తాళం ఎడతారు. మరి నేనెక్కడికి పోతాను?" అన్నారు. ఆయనది విజయనగరంలో ఒక్క గది. భార్య ఎప్పుడో పోయింది. ఆ గదికి నేను ఒకసారి మందులు ఇవ్వడానికి వెళ్ళాను. ఒకే కంచం, ఒకే గ్లాసు ఉన్నాయి. మా ఇంట్లో లాగే.

ఆ తరవాత శనివారం నించి మిగతావాళ్ళ రిహార్సళ్ళకి నన్ను తన పక్కన కూచోబెట్టుకున్నారు. నాకు వినబడకపోతే నేను ఆయన మోకాలు తట్టేదాన్ని, ఆయన చెయ్యెత్తేవారు. మా వాళ్ళ గొంతులు మళ్ళీ దారికొచ్చాయి. ఎందుకొచ్చాయో వాళ్ళకి నేను చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివితేనే తెలియాలి. బాధొకటే. నా ఏకపాత్రకి ఆయన మోకాలు తట్టేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆయన వెళ్ళి అక్కడే కూచునేవారు. అంతా బాగానే సాగేది, చివరి మాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి లేచేది. ప్రతీసారీ అక్కడే.

ఆయన పోడానికి ముందు ఆదివారం, నాకు కోపం ఆగలేదు. స్టేజీ దిగి ఆ చివరిదాకా నడిచి, ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా అడిగాను. "మీకు వినబడదు కదండీ. మరి అక్కడే ఎలా ఎత్తుతారు?"

ఆయన నవ్వలేదు. "సెవులతోటి ఎత్తటం మానేసి సాన్నాళ్ళైనాది. నీ కాళ్ళు సూస్తన్నాను. సెల్లెలు అక్కడుందని నమ్మినంతసేపూ నీ కాళ్ళు కదలవు. ఆకరి మాట కాడ మాత్రం ఎనక్కి ఒక అడుగేస్తావు. అక్కడ ఎవులూ నేరని అప్పుడే నిర్ణయించుకుంటావు."

ఆ మాట నాటకం గురించి కాదని నాకు తెలుసు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టు కుర్చీ చెయ్యి గోకుతూ కూచున్నారు. తరవాత, "వొచ్చే ఆదివారం సూద్దాం" అన్నారు. గురువారం ఫోను వచ్చింది.

నౌపడ వెళ్ళాను. ఆయన అన్నగారి పిల్లలు ఆయన్ని అప్పటికే అక్కడికి తీసుకొచ్చేశారు. స్టేషను నించి ఆటోలో వెళ్తుంటే దారి పొడుగునా ఉప్పు కుప్పలు, మధ్యలో తెల్లటి మడులు, గట్ల మీద అక్కడొకరూ ఇక్కడొకరూ. ఇంటి ముందు టెంటు కింద ఓ మూల నిలబడ్డాను. ఒక ముసలావిడ దగ్గరికొచ్చి, "నువ్వేటవుతావమ్మా?" అని అడిగింది. ఆయన దగ్గర చదువుకున్నానన్నాను. నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూసి, "ఏటి సదివేవు?" అంది. ఏమని చెప్పను? నేల తుడవడం, గుమ్మంలోంచి రావడం, కనబడని చెల్లెల్ని పిలవడం. "మాట్లాడటం" అన్నాను. ఆవిడ ఏమనుకుందో, మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన నాటకాలు చెప్తారని అక్కడ ఎవరికీ సరిగ్గా తెలీదు. కాలేజీలో ఉద్యోగం అనుకున్నారట. ఆయన గురించి నాకు తెలిసింది వాళ్ళకి తెలియదు, వాళ్ళకి తెలిసింది నాకు తెలియదు. ఎవరి దుఃఖం వాళ్ళదే అయిపోయింది.

నిన్న ఆదివారం కాలేజీకి వెళ్ళాను. క్లాసు లేదని తెలుసు, ఇక ఉంటుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. వాచ్‌మన్ నన్ను చూసి ఏమీ అడక్కుండా హాలు తాళం తీశాడు. చీపురు తీసుకుని స్టేజీ తుడిచాను. చెప్పులు విప్పి మూలమూలకీ నడిచాను. ఎడమ పక్క ఒక మేకు కాస్త లేచి ఉంది, సుత్తి తెచ్చి కొట్టాను. సుద్దముక్కతో గట్టు గీసుకుని, దాని మీద నిలబడి తలెత్తి చూశాను.

వరసలన్నిట్లో కుర్చీ పలకలు నిటారుగా వీపులకి అంటుకుని ఉన్నాయి. చివరి వరస మధ్యలో ఒకటి మాత్రం అలా లేదు. ఆయన అన్నేళ్ళు కూచోగా దాని స్ప్రింగు పోయినట్టుంది. ఎవరో కూచున్నప్పటిలా పలక కిందికి పరుచుకునే ఉంది.

మొదలుపెట్టాను. కాపురం సంగతి, కాళ్ళ పుండ్ల సంగతి, అమ్మ సంగతి, అన్నీ చెప్పాను. అరవలేదు, అంపాను. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి కుడి మడమ వెనక్కి జరగబోయింది. గట్టు మీదే నిలబడ్డాను.

"ఒసే సెల్లీ, ఇనబడతన్నాదేటే?"

అడుగు వెనక్కి వెయ్యలేదు. ఆ కుర్చీ వంకే చూస్తూ చాలాసేపు అలాగే ఉన్నాను. చెయ్యి లేవలేదు.