ఆవిడ కళ్లజోడు

మా బస్సు టైరు పంక్చరై ఆగిన చోట, ఎదురుగా పనిముట్ల దుకాణం ఉంది. ప్రయాణాల్లో ఇలా కలిసొచ్చే ఆలస్యాలంటే నాకిష్టం, లోపలికి వెళ్లాను. చెవి మీద పెన్సిలు దోపుకున్న ముసలి వడ్రంగి ఒకాయన దుమ్ము మాస్కులు ఒక్కొక్కటే తొడుక్కుని చూస్తున్నాడు. పైన ఆడవాళ్ల కళ్లజోడు పెట్టుకుని ఊపిరి వదులుతాడు. అద్దాలు మసకబారితే ఆ మాస్కు పక్కన పడేస్తాడు.

“జోడు మీకు భలే నప్పింది పెద్దాయనా,” అన్నాడు దుకాణదారు.

“మా ఆవిడది బాబూ. మాస్కు పెడితే అద్దాలకి ఆవిరి పట్టి నా పని కనపడట్లేదని తీసి పారేస్తోంది.”

“మీరు పనిచేసే షెడ్డులోకి రావద్దనండి.”

“నువ్వొచ్చి చెప్పి చూడు. ఇన్నేళ్లూ షెడ్డు ఊడ్చింది తనే. రంపం ఆపి నేను మాస్కు తీసేవాణ్ణి, తను చీపురు పట్టుకొచ్చేది. రంపం ఆగితే దుమ్మూ ఆగిపోయిందనుకున్నాం. తన ఊపిరితిత్తులు పోయాయన్నారు డాక్టర్లు. ఉన్నన్నాళ్లు నీ పని చూస్తూ కూర్చుంటానంటోంది.”

దుకాణదారు నవ్వు మానేసి, ముందువైపు ఊపిరి బయటికి పోయే చిన్న మూత ఉన్న మాస్కు తీసిచ్చాడు. వడ్రంగి తొడుక్కుని ఊపిరి వదిలాడు. అద్దాలు తేటగానే ఉన్నాయి. ఆయన ముఖం విప్పారింది.

“ఊపిరి కాస్త గట్టిగా వదలాలి, అప్పుడే మూత తెరుచుకుంటుంది,” అన్నాడు దుకాణదారు.

ఆయన ఒక్క క్షణం ఆగి, ఈసారి వాళ్లావిడలాగా కాబోలు, కొంచెం కొంచెంగా ఊపిరి వదిలాడు. అద్దాలు తెల్లబడ్డాయి. మాస్కు తీసి బల్ల మీద పెట్టి, జోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, మా ఇద్దరిలో ఎవరివంకా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.