గేటు ముందు సారు వేషం

ఈ రోజు నేను నటుణ్ణయ్యాను. మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు ముందు హౌస్‌కీపింగ్ వాళ్లు డప్పులతో వీధి నాటకం వేశారు. జై తెలంగాణ నినాదాలయ్యాక అసలు సంగతి చెప్పారు: కాంట్రాక్టు మీద పనిచేసే తమకూ పేరుతో గుర్తింపు కార్డులు కావాలి. నేను టీ తాగుతూ చూస్తున్నాను. నాటకంలో ఆఫీసు సారు వేషం వేయాల్సినతను రాలేదట. నా మెడలో ట్యాగు చూసి మధ్యలోకి లాగారు. అడిగినదానికి జవాబిస్తే చాలన్నారు.

నాలుగేళ్లుగా మా సీట్ల దగ్గర ఊడ్చే ఆమే చీపురుతో ఎదురొచ్చింది.

"రోజూ గుడ్ మార్నింగ్ అంటరు గద సార్. నా పేరేంది?"

నోరు తెరిచాను. మూశాను. తల గోక్కున్నాను. జనం పడీపడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు.

అయిపోయాక డప్పు కొట్టినాయన నా భుజం తట్టాడు. "మస్తు చేసిన్రు సార్, అచ్చం తెల్వనట్టే. రేపు గూడ రాండ్రి."

ఆ పొగడ్తకి ఉబ్బిపోయి సరేనన్నాను. ఆమె పేరు అడగలేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మీ అంతస్తు ఊడ్చే ఆమె పేరు మీకూ తెలియకపోతే రేపు వచ్చేయండి. ఇద్దరు సార్లుంటే నాటకం ఇంకా రక్తి కడుతుంది.